మోసిన కడుపుకు లెక్క ఎవరు చెప్తారు?

పోయిన నెల మాకు ఇంగ్లాండు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది పరాయివాళ్ళు కాదు. గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లెలో పుట్టి, సంక్షేమ హాస్టల్లో చదువుకుని, ఆ దేశం పోయి అక్కడి పౌరసత్వం తీసుకున్న తమ్ముడు, అతని భార్య. మన పత్రికకు ఏటా చందా కట్టేవాళ్ళు. వాళ్ళకు మొదటి కాన్పులోనే బిడ్డ పోయింది. రక్తం ఆగక, తల్లి ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు గర్భసంచి తీసేశారు. ఇక ఆమె బిడ్డను మొయ్యలేదు. "సరోగసీ ద్వారా బిడ్డను తెచ్చుకోవాలనుకుంటున్నాం. వేరే దేశంలో అంతా మేమే చూసుకుంటామని ఒక కంపెనీ కాగితాలు పంపింది. సంతకం పెట్టేముందు మిమ్మల్ని అడగాలనిపించింది. ఇది తప్పా? తప్పు కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

ఈ ఉత్తరం మీద మా మధ్య రెండు రోజులు వాదన జరిగింది. "కూలి రేట్లు, శ్మశానం భూమి, హాస్టల్ మెస్ చార్జీలు రాయాల్సిన పత్రికలో డబ్బున్నవాళ్ళ సంగతి ఎందుకు?" అని ఒకరన్నారు. "బిడ్డ లేని ఆడదాన్ని వాడలో ఏమని పిలుస్తారో నీకు తెలుసా?" అని మాలో ఒక అక్క అడిగింది. అందరం నోరు మూసుకున్నాం. గొడ్రాలనే మాట అగ్రకులాల ఇళ్ళలోనే లేదు, మన గూడేల్లో కూడా ఉంది. సీమంతానికి పిలవరు. పసిబిడ్డను ఎత్తుకుంటే దిష్టి అంటారు. మగాడికి రెండో పెళ్ళి చెయ్యమని పెద్దమనుషులే కూర్చుని చెప్తారు. కాబట్టి ఆ చెల్లెలి దుఃఖాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ ఆ ఉత్తరంలో కనపడని ఇంకో ఆడమనిషి ఉంది. ఆమె గురించి కూడా మాట్లాడాలి. అందుకే ఈ సంపాదకీయం.

ముందు ఈ పద్ధతి ఏమిటో చెప్పుకుందాం. భార్య అండాన్ని, భర్త వీర్యాన్ని ప్రయోగశాలలో కలిపి పిండం తయారు చేస్తారు. ఆ పిండాన్ని మరో స్త్రీ గర్భసంచిలో పెడతారు. ఆమె తొమ్మిది నెలలు మోసి, కని, బిడ్డను వీళ్ళకు ఇస్తుంది. మనవాళ్ళు అద్దె గర్భం అంటున్నది దీన్నే. బిడ్డ కోరుకునేవాళ్ళు ఒక దేశంలో, మోసే ఆమె ఇంకో దేశంలో ఉంటే అది దేశాల మధ్య సరోగసీ అవుతుంది.

కంపెనీ పంపిన కాగితాలను ఆ తమ్ముడు మాకు కూడా పంపాడు. అందులో ధర ఉంది, వాయిదాలున్నాయి, గ్యారంటీ ఉంది, నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ ఉంది. మోసే ఆమెకు మాత్రం ఒక నంబరే ఉంది. ఆమె ఏ భాష మాట్లాడుతుంది, ఎందుకు ఒప్పుకుంది, ఎంతమంది పిల్లల తల్లి, ప్రాణం మీదికొస్తే ఎవరు చూస్తారు అన్నది ఒక్క ముక్క లేదు. తమ్ముడూ, నువ్వు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు గదా. ఆ నంబరు దగ్గర మొదలుపెట్టు.

ఎందుకంటే ఆ నంబరు ఒకప్పుడు మనమే. 2002 తర్వాత మన దేశంలో ఈ వ్యాపారం బాహాటంగా నడిచింది. గుజరాత్‌లో ఆనంద్ అనే ఊరు పాల సహకార సంఘాలకు పేరుపడ్డది. అదే ఊరు ఈ కడుపుల బజారుకూ ప్రపంచమంతా పేరుపడింది. అమెరికా, ఇంగ్లాండు, జపాన్, జర్మనీ, ఇజ్రాయెల్ నుంచి దంపతులు వచ్చారు. వాళ్ళ దేశంలో అయ్యే ఖర్చులో కొంతతోనే ఇక్కడ పని అయ్యేది. అమెరికాలో ఈ రోజుకూ లక్ష డాలర్లు దాటుతుంది. ఆనంద్‌లో మోసినవాళ్ళు ఎవరు? అప్పు తీర్చాల్సినవాళ్ళు, ఇంటికి కప్పు వేసుకోవాల్సినవాళ్ళు, పిల్లల ఫీజు కట్టాల్సినవాళ్ళు. నెలల తరబడి హాస్టళ్ళలో ఉంచేవాళ్ళు. తిండి, నిద్ర, మందు అన్నీ లెక్క ప్రకారం. తన సొంత పిల్లలను చూడటానికి మాత్రం వాళ్ళు చెప్పిన రోజే.

ఇక్కడ కులం సంగతి చెప్పకపోతే ఈ పత్రిక ఉండీ దండగ. మన ఊళ్ళలో దొరసానికి నొప్పులొస్తే అర్ధరాత్రి మన వాడకే కబురొచ్చేది. మన మంత్రసాని వెళ్ళి పురుడు పోసి, బొడ్డు కోసి, మైలబట్టలు ఉతికి వచ్చేది. పురుడు వెళ్ళిన రోజు ఇల్లు కడిగి శుద్ధి చేసుకుని, ఆమెకు గుమ్మం బయట నుంచే గింజలు పోసేవాళ్ళు. ఇప్పుడు మన చేతి నీళ్ళు తాగని ఇళ్ళ బిడ్డను మన కడుపులోనే పెట్టొచ్చట. మైల ఏమైంది? అండం మనది కాదు గదా, కడుపు సంచిలాంటిదే గదా అని డాక్టరే సర్దిచెప్తాడు. అదే అండం కొనుక్కోవాల్సి వస్తే మాత్రం కులం అడుగుతారు, రంగు అడుగుతారు, చదువు అడుగుతారు. రక్తానికి కులం ఉందట, చాకిరీకి లేదట! మన శ్రమ కావాలి, మన రక్తం వద్దు. ఇది కొత్త సంగతేం కాదు. ప్రయోగశాలలోకి వచ్చిందంతే.

డబ్బు పెట్టినవాళ్ళు కూడా సుఖపడలేదు. 2008లో ఆనంద్‌లో ఒక జపాన్ దంపతుల కోసం ఆడబిడ్డ పుట్టింది. బిడ్డ పుట్టకముందే దంపతులు విడిపోయారు. భార్య నాకొద్దంది. భర్త ఒంటరి మగాడు కాబట్టి బిడ్డను తీసుకుపోవడానికి చట్టం అడ్డొచ్చింది. పసిగుడ్డు పేరుతో కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. చివరకు నాయనమ్మ వచ్చి బిడ్డను జపాన్ తీసుకుపోయింది. అదే ఏడు ఒక జర్మనీ దంపతుల కోసం పుట్టిన కవలలను ఆ దేశం తమవాళ్ళుగా ఒప్పుకోలేదు. మన దేశం పాస్‌పోర్టు ఇవ్వడానికి తటపటాయించింది. రెండేళ్ళు ఆ పిల్లలు ఏ దేశం వాళ్ళూ కాకుండా ఉండి, 2010లో బయటపడ్డారు. కంపెనీ కాగితంలో గ్యారంటీ అని రాసి ఉంటుంది. ఏ దేశం సరిహద్దూ ఆ గ్యారంటీని చూసి గేటు తెరవదు.

2012లో మన హోం శాఖ నిబంధన పెట్టింది. రెండేళ్ళ పెళ్ళయిన విదేశీ భార్యాభర్తలకే వీసా ఇస్తామంది. 2015 నవంబరులో విదేశీయులకు మొత్తంగా తలుపు మూసింది. అప్పుడు వ్యాపారం ఆగిందా? పాలమూరు కూలీలను మేస్త్రీ ఒక డ్యాం పని అయిపోగానే ఇంకో డ్యాంకు లారీ ఎక్కించినట్టు, ఈ వ్యాపారం కూడా దేశం మార్చింది. నేపాల్‌లో అక్కడి స్త్రీలు విదేశీయుల కోసం మొయ్యకూడదన్న రూలుంటే, మన దేశం నుంచి ఆడవాళ్ళను సరిహద్దు దాటించారు. 2015 ఏప్రిల్‌లో భూకంపం వచ్చింది. ఇజ్రాయెల్ విమానాలు వచ్చి తమ దంపతుల పసిబిడ్డలను తీసుకుపోయాయి. కన్నవాళ్ళ కోసం వచ్చిన విమానం ఏది అని అప్పట్లో చాలామంది అడిగారు. ఆ ఏడే నేపాల్ కూడా తలుపు మూసింది.

థాయిలాండ్‌లో 2014లో కవలల్లో ఆడబిడ్డను ఆస్ట్రేలియా దంపతులు తీసుకుపోగా, డౌన్ సిండ్రోం ఉన్న మగబిడ్డ మోసిన తల్లి దగ్గరే ఉండిపోయాడు. మరుసటి ఏడు ఆ దేశం విదేశీయులకు నిషేధం పెట్టింది. వ్యాపారం కంబోడియాకు పోయింది. 2016లో అక్కడా నిషేధం వచ్చింది. 2018లో కడుపుతో ఉన్న 33 మంది స్త్రీలను అరెస్టు చేశారు. ఆ బిడ్డలను మీరే పెంచుకోవాలన్న షరతు మీద విడిచిపెట్టారు. 2024లో ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన 13 మంది స్త్రీలకు అక్కడి కోర్టు శిక్ష వేసింది. రాజు క్షమాభిక్ష పెడితే ఇంటికి పోయారు. ఇక్కడ ఒకటి గమనించండి. నిషేధం వచ్చిన ప్రతిచోటా డబ్బు పెట్టినవాళ్ళు టికెట్ కొనుక్కుని ఇంకో దేశం పోయారు, ఏజెంటు ఆఫీసు మార్చాడు, జైల్లో కూర్చున్నది మాత్రం కడుపుతో ఉన్న ఆడది. 2020లో కరోనా వచ్చి దారులు మూస్తే ఉక్రెయిన్‌లో పదుల సంఖ్యలో పసిబిడ్డలు హోటల్లో వరుసగా ఉయ్యాలల్లో పడుకున్నారు. 2022లో యుద్ధం వస్తే బాంబుల కింద ఆడవాళ్ళు పరాయి బిడ్డలను కన్నారు.

మన దేశం 2021లో సరోగసీ చట్టం చేసింది. 2022 జనవరి 25 నుంచి అమలులో ఉంది. దాంట్లో మంచి ఉంది. కడుపు వ్యాపారం నేరం. వ్యాపారం నడిపినవాళ్ళకు పదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. డబ్బిచ్చి చేయించుకున్న దంపతులకు కూడా శిక్ష ఉంది. మోసే ఆమెకు పెళ్ళయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, 25 నుంచి 35 ఏళ్ళ లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే మొయ్యాలి. ఆమెకు 36 నెలల బీమా చెయ్యాలి. పిండం పెట్టేముందు దాకా వద్దని వెనక్కి పోయే హక్కు ఆమెకుంది. పుట్టిన బిడ్డ ఎట్లా ఉన్నా దంపతులు వదిలెయ్యకూడదు.

కానీ ఈ చట్టం మోసే ఆమెకు వైద్యం ఖర్చు, బీమా లాంటివి తప్ప ఒక్క రూపాయి ఇవ్వకూడదంటుంది. దయతో మొయ్యాలట. డాక్టరు దయతో చేస్తాడా? ఫీజు తీసుకుంటాడు. ఆసుపత్రి బిల్లు వేస్తుంది. లాయరు, ల్యాబు, మందుల కంపెనీ అందరూ తీసుకుంటారు. వరుసలో చివర నిలబడి, ప్రాణం పణంగా పెట్టిన ఒక్క మనిషి మాత్రం దయ చూపించాలి. కూలి లేకుండా చేయించుకునే పనికి మన ఊళ్ళలో ఒక పేరుంది. దాన్ని వెట్టి అంటారు. ఉచితంగా చేస్తే పుణ్యం, కూలి అడిగితే పాపం అని మన తాతలకు చెప్పిన నీతే ఇది. 2017లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఇట్లా ఉచితంగా మొయ్యమనడం తగదని, మోసే ఆమెకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. ప్రభుత్వం వినలేదు.

మేం కడుపుల బజారు మళ్ళీ తెరవమనడం లేదు. బజారు ఎట్లా ఉంటుందో చూశాం. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడాడు. కాన్పుకు ముందూ తర్వాతా ఆడకూలికి విశ్రాంతి దక్కాలని, ఆ భారాన్ని ఆమె శ్రమ వల్ల లాభపడే యజమాని మొయ్యాలని, చివరకు ప్రభుత్వం బాధ్యత తీసుకోవాలని వాదించాడు. మేం అడిగేది అదే సూత్రం. మోసే ఆమె కోల్పోయిన కూలి రోజులు, ఒంటికి జరిగిన నష్టం, కాన్పు తర్వాత ఏడాది వైద్యం, చనిపోతే ఆమె పిల్లల పోషణ. ఈ డబ్బు దంపతులు జిల్లా అధికారి దగ్గర జమ చెయ్యాలి. ఏజెంటు చెయ్యి తగలకుండా అది ఆమె ఖాతాలో పడాలి.

చట్టం వచ్చింది గదా, దొంగ వ్యాపారం పోయిందా అంటే హైదరాబాదే జవాబు. 2017లో బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రి మీద అధికారులు దాడి చేస్తే నలభైకి పైగా ఆడవాళ్ళు అందులో ఉన్నారు. అది చట్టం రాకముందు. చట్టం వచ్చాక, 2024 నవంబరులో, సరోగసీ కోసమని ఒడిశా నుంచి తీసుకొచ్చిన ఒక పేద ఇల్లాలు రాయదుర్గంలో అపార్టుమెంటు పైనుంచి పడి చనిపోయింది. వేధింపులు భరించలేక తప్పించుకుపోబోయి పడిందని పత్రికలు రాశాయి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఇంకో సంగతి బయటపడింది. సరోగసీ బిడ్డ అని చెప్పి ఒక దంపతుల చేతిలో బిడ్డను పెట్టారు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డ వాళ్ళది కాదు. దంపతుల దగ్గర 35 లక్షలు తీసుకున్నారని, బిడ్డను అస్సాం నుంచి వచ్చిన పేద జంట దగ్గర 90 వేలకు తెచ్చారని పోలీసులు చెప్పారు. ఆ రెండు అంకెల మధ్య ఉన్నదే ఏజెంటు. అక్కడ మోసపోయింది బిడ్డ కావాలనుకున్నవాళ్ళు, అమ్ముకోవాల్సి వచ్చినవాళ్ళు ఇద్దరూ.

ఇక తమ్ముడికీ, చెల్లెమ్మకూ. ముందు మీ దేశం చట్టం తెలుసుకోండి. ఇంగ్లాండు చట్టం ప్రకారం బిడ్డ ప్రపంచంలో ఎక్కడ పుట్టినా, అండం ఎవరిదైనా, కన్న స్త్రీయే తల్లి. ఆమెకు పెళ్ళయి ఉండి భర్త ఒప్పుకుని ఉంటే అతనే చట్టం దృష్టిలో తండ్రి. వేరే దేశం ఇచ్చిన పుట్టిన పత్రంలో మీ పేర్లున్నా సరిపోదు. మీరు కోర్టు నుంచి పేరెంటల్ ఆర్డర్ తెచ్చుకోవాలి. దానికి ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. మోసిన ఆమె ఒప్పుకోలు కావాలి. కాన్పయిన ఆరు వారాల లోపల ఆమె చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. మీలో ఒకరిదైనా బీజం అయి ఉండాలి, ఒకరికైనా అక్కడ స్థిరనివాసం ఉండాలి. న్యాయమైన ఖర్చులకు మించి ఎంత ఇచ్చారో కోర్టు అడుగుతుంది. మీరు పెట్టుకున్న ఒప్పందం ఇంగ్లాండు కోర్టులో బలవంతంగా అమలు చేయించుకోవడానికి పనికిరాదు. ఇవి చెప్పకుండా వాయిదా కట్టమనే కంపెనీని నమ్మకండి.

మన దేశంలో అయితే మీలాంటి భారత సంతతి దంపతులు జాతీయ బోర్డు నుంచి సిఫారసు పత్రం తెచ్చుకోవాలి. ఊళ్ళో చుట్టాల పిల్లతో గుట్టుగా కానిచ్చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అప్పులో ఉన్న మరదలో, చెప్పిన మాట కాదనలేని పనిపిల్లో ఇచ్చే ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

చట్టం అయ్యాక మనసును అడగండి. మోసే ఆమెతో ఏజెంటు లేకుండా, ఆమె భాష తెలిసిన మనిషిని పెట్టుకుని మాట్లాడారా? ఒప్పందం ఆమె భాషలో ఉందా? ఆమెకు వేరే లాయరున్నాడా? ఎన్ని పిండాలు పెట్టాలి, కడుపు కోయాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉందా, కంపెనీ చేతిలో ఉందా? మధ్యలో ఆమె ప్రాణానికొస్తే ఎవరి ప్రాణం ముందు? చెల్లెమ్మా, నీ ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు నీ గర్భసంచి తీశారు. ఆమెకు అదే జరిగితే అక్కడ అట్లాంటి డాక్టరున్నాడా? ఆమె పిల్లలు ఆ తొమ్మిది నెలలు ఎవరి దగ్గర ఉంటారు? మీరిద్దరూ విడిపోతే, చనిపోతే బిడ్డ ఎవరిది? ఒక్కదానికి జవాబు రాకపోయినా సంతకం పెట్టకండి.

దత్తత గురించి కూడా ఒక మాట. ఇది బలవంతం కాదు. కన్నవాళ్ళ రక్తమే బిడ్డ అన్న నమ్మకం మనకు ఎక్కడిది? కులం నిలబడింది ఆ రక్తం మాట మీదే గదా. పెళ్ళిలో రక్తం కలవకూడదన్నవాళ్ళు మన బిడ్డలను రైలు పట్టాల మీద పడేశారు. రక్తం మాటను కాదన్నవాళ్ళం మనం. ఆ మాట మన ఇంట్లోకి దొడ్డిదారిన వస్తుంటే ఒకసారి ఆగి చూడండి. చూసిన తర్వాత కూడా మీ బీజం బిడ్డే కావాలనుకుంటే మేం మిమ్మల్ని వెలెయ్యం. కానీ ఒకటే షరతు. నంబరుకు పేరు పెట్టండి. ఆమె నీ అక్క అయితే ఏ షరతుల మీద ఒప్పుకుంటావో, ఆ షరతుల కంటే ఒక్క మెట్టు దిగకు. దిగితే, చదువుకుని పైకొచ్చిన మన బిడ్డ కూడా దొర అయినట్టే.

సంఘాల వాళ్ళకు కొంచెం పనుంది. పట్నంలో ఆయా పని, నర్సు పని, నెలకు మంచి జీతం అంటూ 25, 30 ఏళ్ళ తల్లులను అడుగుతూ ఎవరైనా ఊళ్ళోకి వస్తే పేరు, ఫోను నంబరు రాసిపెట్టుకోండి. తెల్లకాగితం మీద, ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వెయ్యనివ్వకండి. డ్వాక్రా అప్పు, మైక్రో ఫైనాన్స్ అప్పు ఎక్కడ గొంతు మీద కూర్చుందో అక్కడికే ఏజెంటు వస్తాడు, ముందు ఆ అప్పు సంగతి చూడండి. ఇప్పటికే మోసి వచ్చిన ఆడవాళ్ళుంటే వాళ్ళను తప్పు పట్టకండి. వాడలో వెక్కిరిస్తే ఏజెంటుకే మేలు, ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆమెకు రావలసిన డబ్బు ఎగ్గొట్టారా, బీమా చేశారా, ఒంట్లో ఎట్లా ఉంది అని అడగండి. జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్ళండి. ఆమె పేరు బయటపెట్టకుండా మాకు రాయండి.

ఇంగ్లాండు తమ్ముడికి ఈ సంచిక పోస్టులో పంపుతున్నాం. అతను జవాబు రాస్తే వచ్చే సంచికలో వేస్తాం. ఆ నంబరు వెనక ఉన్న ఆమె పేరు తెలుసుకున్నాక రాయమని అడిగాం.

జై భీమ్!